దేవుడి రెల్లు

మా బావగారు జీవరత్నంగారికి రెల్లుగడ్డి మీద ఉన్న ప్రేమలో సగం మా సలోమి అక్క మీద ఉంటే ఆవిడ ఈపాటికి మహారాణిలా బతికేది. ఈ మాట ఆయన ముఖం మీదే ఎన్నోసార్లు అన్నాను. భార్య చెల్లెలిని, ఆ మాత్రం అనే హక్కు నాకుంది. ఆయన నవ్వేసి, మీ అక్కని చూసుకోవడానికి పేటంతా ఉంది, రెల్లుని చూసుకోవడానికి నేనొక్కణ్ణే కదమ్మా సుగుణా అనేవారు. పక్కన చేపలు తోముకుంటున్న అక్క తలెత్తకుండానే "ఆయ్, అంతేనండి" అనేది. అందులో ఒప్పుకోలు ఎంతో, దెప్పు ఎంతో ఆయనకి తెలియక కాదు.

రాజోలు నుంచి సఖినేటిపల్లి రేవుకి పోయే దారిలో ఏటిగట్టు కింద మా పేట. గట్టుకి ఇవతల మా ఇళ్ళు, అవతల వశిష్ఠ గోదావరి, ఏటి నడుమ దిబ్బలంక. మా నాన్న తరం దాకా మావాళ్ళందరూ ఒకరి చేలో కూలికి పోయినవాళ్ళే. డెబ్భైల మొదట్లో లంక భూముల్ని కూలీల సొసైటీలకి కౌలుకిస్తారని తెలిసి, మా బావగారు అమలాపురం, కాకినాడ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. చివరికి దిబ్బలంక మా సొసైటీకి వచ్చింది. ఆయన్నే ప్రెసిడెంటుని చేశారు. చీట్లు వేసి తలా ఒక చెక్క నేల పంచుకున్నారు. పొగాకు, మిరప, దొండపాదు, ఏది వేసినా విరగకాసే నేల అది. సొంత చేలో నిలబడి ఎండకి తిట్టుకోవడం కూడా మావాళ్ళకి కొత్త సరదాగానే ఉండేది.

కానీ లంక నేల ఏటి దయ మీద ఉండే నేల. ఎగువ కొసని మేము లంక తల అంటాం. ఏరు పొంగినప్పుడు మొదటి దెబ్బ దానికే. సొసైటీ పెట్టిన కొత్తలో ఒక వరద వచ్చి ఆ తలలో మంచి ముక్కే కోసుకుపోయింది. అందరూ ఏడుస్తుంటే మా బావగారు మాత్రం పడవేసుకుని లంక చుట్టూ తిరిగారు. రెల్లు గుబురుగా ఉన్న చోట మన్ను కదల్లేదు. పైగా గడ్డి మధ్య కొత్త ఒండ్రు పేరుకుని ఉంది. అది చూసి వచ్చినప్పటి నుంచి ఆయనకి రెల్లు పిచ్చి పట్టింది.

ఊళ్ళో అందరూ చేను కోసం రెల్లు పీకుతారు. ఈయన చేను తీసేసి రెల్లు నాటించారు. లంక తలకి అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వెడల్పాటి పట్టీలాగా దుబ్బులు పాతించారు. దానికోసం ప్రతి ఇంటివాళ్ళూ తమ చెక్కలో కొంచెం కొంచెం జరగాల్సి వచ్చింది. ఆ పట్టీ వెనకున్న మొదటి చెక్క చీటీలో బావగారికే పడింది. దాని వెనకది ఆయన చిన్ననాటి స్నేహితుడు ఏలీయాగారిది.

నాటడం ఒక ఎత్తు, కాపాడడం ఒక ఎత్తు. మా ఇళ్ళన్నీ రెల్లుకప్పువే. గడ్డి ఎదిగి తెల్లగా పూత పూసేసరికి అందరి కళ్ళూ దాని మీదే. మొదటి ఏడాది ఎవరో రెండు మోపులు కోసుకుపోయారు, మరో ఏడాది ఇంకెవరో. కాపలా పెడదామంటే కాపలావాడి ఇల్లూ కురుస్తూనే ఉంది. అప్పుడు మా బావగారికి ఆ ఆలోచన వచ్చింది. ఏటా మా గుడిలో కోతపండగ జరుగుతుంది. ఎవరి చేలో మొదట పండినది వాళ్ళు దేవుడి ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, పొగాకు కట్టలు. ఆ ఏడాది ఈయన ఖాళీ చేతులతో వచ్చి నిలబడ్డారు. లంక తల మీద రెల్లంతా పేట తరఫున దేవుడికి ఇచ్చేద్దామన్నారు. పాత పాస్టరుగారికి ఆ మాట ఎంతో నచ్చింది. మరుసటి ఆదివారం ఆయన్ని పడవలో తీసుకెళ్ళారు, మోకాలి లోతు బురదలో నిలబడి ఆయన ప్రార్థన చేశారు. ఆ రోజు నుంచి అది దేవుడి రెల్లు.

ఇక చూడండి. కొడవలి సంగతి అటుంచి, ఒక పువ్వు తుంచినా పిల్లలకి వీపు విమానం మోత మోగేది. పశువులు అటు తిరిగితే ఎవరి పశువన్నది చూడకుండా ఎవరో ఒకరు అదిలించేవారు. ఆడవాళ్ళు ఆ పక్కన వెళ్ళేటప్పుడు కొంగు సర్దుకునేవారు. గడ్డికి అంత మర్యాద ఏమిటని నాకు నవ్వొచ్చేది. నవ్వు వచ్చినా నేనూ సర్దుకునేదాన్ని. తర్వాత ఎన్ని వరదలు వచ్చినా లంక తల పోలేదు సరికదా, ఒండ్రు పడి ఎత్తు పెరిగింది. వ్యవసాయశాఖ వాళ్ళు జీపులో వచ్చి, పడవెక్కి చూసి, తలలూపి, కొబ్బరిబొండాలు తాగి వెళ్ళారు. బావగారు ఆ వారమంతా నేల మీద నడవలేదు.

ఎనభై ఆరు ఎండాకాలంలో మా పేట తగలబడింది.

మిట్టమధ్యాహ్నం, పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. ఎవరి పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచిందో ఇప్పటికీ తేలలేదు, తేలకపోవడమే మంచిదయింది. జనం అంతా పనుల్లో ఉండబట్టి ప్రాణాలు దక్కాయి. నేను పనిచేసే బాల్వాడీ నుంచి పిల్లల్ని గట్టు మీదికి తోలుకుపోయాను. అక్కడ నిలబడి చూస్తుండగానే ఇల్లు తర్వాత ఇల్లు అంటుకుంది. ఇళ్ళే కాదు, ఇళ్ళ వెనక గడ్డివాములు, చలికాలంలో కోసి కట్టలు కట్టి దాచుకున్న రెల్లు, అన్నీ పోయాయి. పెంకుల కప్పు ఉన్న గుడి ఒక్కటే మిగిలింది. పేటంతా అందులో దూరింది. ప్రసంగం బల్ల పక్కన బాలింతలు, బెంచీల కింద కోళ్ళు.

రెవెన్యూ వాళ్ళు వచ్చి పేర్లు రాసుకున్నారు. బియ్యం, దుప్పట్లు ఇచ్చారు. పక్కా ఇళ్ళు వస్తాయన్నారు. అవి వచ్చేదాకా ఎక్కడ తలదాచుకోవాలో మాత్రం చెప్పలేదు. తాటాకు కోసం ఊళ్ళో తోటలున్న మాణిక్యాలరావుగారి దగ్గరికి వెళ్తే, ఈ ఏడాది ఆకంతా ముందే అమ్మేశానని, కావాలంటే కొబ్బరాకు తీసుకోమని అన్నారు. కొబ్బరాకు కప్పు ఒక్క వానకే కుళ్ళిపోతుందని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. చుట్టుపక్కల లంకల్లో రెల్లు చలికాలంలోనే కోసేశారు. ఇంక కళ్ళెదురుగా నిటారుగా, ఎండి, కోతకి సిద్ధంగా నిలబడి ఉన్నది ఒకటే. ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా అందరూ గట్టెక్కి అటే చూసేవారు.

చివరికి ఎత్తింది ఏలీయాగారు. గుడి ముందు సొసైటీ మీటింగు పెట్టినప్పుడు నెమ్మదిగా, ఎంతో మర్యాదగా అన్నారు. పేటలో ఇద్దరు బాలింతలున్నారు, ముసలివాళ్ళున్నారు, తొలకరి నెత్తిమీదికి వచ్చింది, ఈ ఒక్కసారికి కోసుకుందామండీ అని. బావగారు వద్దన్నారు. కొబ్బరాకే రెండు వరసలు వేసుకుందాం, పిఠాపురం వైపు తాటాకు దొరుకుతుందేమో నేను వెళ్ళి చూస్తాను, ఓపిక పట్టండి అన్నారు. మరి తడిసిన పిల్లలు ఓపిక పట్టాలి కదండీ అని ఎవరో వెనకనుంచి అన్నారు. బావగారు కదల్లేదు. వరద వచ్చేది కూడా ఆ వానలతోనే, రెల్లు నిలబడి ఉంటేనే నీటి జోరు విరుగుతుంది, మోడులు ఏం ఆపుతాయి అన్నారు. ఆయన మాట న్యాయమే. బాలింతల ఏడుపూ న్యాయమే. అక్కడ కూర్చున్న నాకు ఎటు చూడాలో తోచలేదు.

అప్పుడు ఏలీయాగారు తల దించుకుని ఆ మాట అన్నారు.

"ఆ రెల్లు వెనకాల మొదటి చెక్క మీది కాకపోతే, ఇంత గట్టిగా పట్టుకునేవారాండి?"

అదివరకు చాటుగా చాలామంది అనుకున్న మాటే అది. కానీ ఏలీయాగారి నోటి నుంచి వచ్చేసరికి బావగారి ముఖం ఎండిపోయింది. చెప్పాలంటే ఎంతో ఉంది. ఆ చెక్క చీటీలో పడింది, ఏలీయాగారి చెక్క కూడా దాని వెనకే ఉంది, పోతే ఇద్దరిదీ పోతుంది. ఇవేవీ నోటికి రాలేదు ఆయనకి.

కొత్త పాస్టరుగారు కుర్రవాడు, మంచివాడు, గొడవలంటే భయం. లేచి నిలబడి, "దేవుడికి కప్పు అక్కర్లేదండి. కప్పు లేనోళ్ళకే కప్పు కావాలి. ఆయనకి ఇచ్చింది ఆయనే మీకు ఇచ్చేడనుకోండి" అన్నారు. జనం ఆమేన్ అన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. బావగారు సరే కోసుకోండి అన్నారు. అంతటితో ఊరుకోకుండా, మొదటి కొడవలి నేనే వేస్తాను అని కూడా అన్నారు.

వేశారు కూడా. జానెడు మోడు ఉంచి కోయాలని, దుబ్బు కదలకూడదని ప్రతి ఒక్కరికీ చూపించారు. పడవల నిండా రెల్లు వచ్చింది. వెదుళ్ళు, తాళ్ళు ఎవరికి తోచినవి వాళ్ళు తెచ్చుకున్నారు. తొలకరికి ముందే పేటంతా కొత్త కప్పులతో పసుపుపచ్చగా మెరిసింది. ఆ రోజుల్లో జీవరత్నంగారిని మెచ్చుకోని నోరు లేదు. పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలో ఆయన త్యాగం గురించే చెప్పారు. ఏలీయాగారు వచ్చి చేతులు పట్టుకుని, ఏదో నోరు జారేను, మనసులో పెట్టుకోకండి అన్నారు. బావగారు అందరికీ నవ్వుతూనే బదులు చెప్పారు.

ఒక్క మా అక్క మాత్రం మెచ్చుకోలేదు. మేమిద్దరం కప్పుకి తాళ్ళు అందిస్తున్నప్పుడు నాతో అంది.

"జాలిపడి ఇచ్చేరనుకుంటున్నారే అందరూ. మాట పడలేక ఇచ్చేరు మీ బావగారు. ఏలీయాగారు ఆ మాట అనకపోతే, ఈయన పిఠాపురం కాదు, ఎంత దూరమైనా పోయి తాటాకు తెచ్చేవారు."

నెమ్మదిగా అనవే, పైన ఉన్నారు వింటారు అన్నాను. వింటే వింటారులే అంది. కప్పు మీద కూర్చున్న ఆయన చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తాడు బిగించడం మొదలుపెట్టాయి.

కోయడం దాకా అందరం ఆలోచించాం. కోసిన తర్వాత సంగతి ఎవరికీ తట్టలేదు. ముదిరిన రెల్లుని పశువు ముట్టదు, అంచు కత్తిలా కోస్తుంది. కానీ తొలకరి వానకి మోడుల్లోంచి లేత చిగురు లేచింది. అన్నేళ్ళలో ఆ పట్టీ మీద లేత చిగురు చూసినవాళ్ళెవరు, దాన్ని కోసిందెప్పుడు గనక? పేటలో గడ్డివాములు తగలబడిపోయాయి. బ్యాంకువాళ్ళు ఇప్పించిన గేదెలు ఇంటింటికీ ఉన్నాయి, డొక్కలు లోపలికి పోయి అరుస్తున్నాయి. ఏటి నడుమ పచ్చగా చిగురు. గేదెకి ఈత ఎవరు నేర్పాలి?

ఒక ఉదయం బావగారూ నేనూ పడవలో లంకకి వెళ్ళాం. నేను దొండకాయలు కోసుకోవడానికి వెళ్ళాను, ఆయన అలవాటు ప్రకారం తల వైపు నడిచారు. కాసేపటికి ఇక వెళ్దాం రమ్మని ఆయన కేక వినిపిస్తుందేమోనని చూశాను. వినిపించలేదు. అనుమానం వచ్చి వెళ్ళాను. పట్టీలో గేదెలున్నాయి. తిన్నంత తింటున్నాయి, తొక్కినంత తొక్కుతున్నాయి. వాన నీటికి నానిన నేలలో వాటి కాళ్ళు దిగబడి, దుబ్బులకి దుబ్బులే పెళ్ళగిలి పక్కకి ఒరిగాయి. ఆ గేదెల్లో అన్నిటికన్నా ముందున్నది మా అక్క వాళ్ళదే. దాని తాడు పట్టుకుని మా అక్క నిలబడి ఉంది.

"తోలుకుపొమ్మనండి, తీసుకుపోతాను" అంది భర్తతో. "దేవుడిదై ఉంటే నేను ఇక్కడ అడుగు పెట్టేదాన్ని కాదండి. మీరే కదా మనుషులకి ఇచ్చేసేరు. దూడ చచ్చిపోయేలా ఉంది. ఎవరిదీ కానిదాంట్లో మేపుతుంటే తప్పేంటో చెప్పండి, తీసుకుపోతాను."

ఆయన అక్కడే బురదలో కూర్చుండిపోయారు. అక్కకి కూడా ఆయన్ని అలా చూడడం కష్టమయిందేమో, గేదెని లాక్కుని వెళ్ళిపోయింది. మిగతా గేదెలు మేస్తూనే ఉన్నాయి. నేను మట్టిగడ్డలు విసిరి వాటిని తరిమాను. మర్నాటికి మళ్ళీ వచ్చాయి.

ఆయన ఒక్కరే ముళ్ళకంప కొట్టి తెచ్చి కంచె వేశారు. ఈ పక్కన వేస్తే ఆ పక్క నీళ్ళలోంచి ఎక్కేవి. సొసైటీ మీటింగు పెడితే అందరూ తలలూపారు, ఎవరి గేదె వాళ్ళు కట్టేసుకుందామన్నారు, ఎవరూ కట్టెయ్యలేదు. మేత లేని ఇంట్లో గేదెని ఎన్నాళ్ళు కట్టేస్తారు? ఇక ఆయన పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, రెల్లుని మళ్ళీ దేవుడికి ఇచ్చేద్దామండీ, ఈ ఆదివారమే ప్రార్థన పెట్టండి అని అడిగారు. పాస్టరుగారు సరేనన్నారు. పేటవాళ్ళకే మనసొప్పలేదు. ఇచ్చి వెనక్కి తీసుకున్నదాన్ని, అది కూడా గేదెలు తొక్కినదాన్ని, మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని ఇస్తామండీ అన్నారు ఏలీయాగారు. వేళాకోళానికి కాదు, నిజంగానే సిగ్గుపడి అన్నారు. బాగా ఎదగనివ్వండి, కోతపండక్కి అందరం కలిసి ఇద్దాం అన్నారు. కోతపండగ సంక్రాంతి దాటాక. అంతవరకూ ఏరు ఆగాలి కదా.

ఏరు ఆగలేదు. ఆ ఆగస్టులో వచ్చిన వరద గురించి కోనసీమలో చెప్పక్కర్లేదు. ఎగువన ఎక్కడో గట్టుకి గండి పడి, వెనకనుంచి మా పేటలోకి నీళ్ళొచ్చాయి. పిల్లల్నీ ముసలివాళ్ళనీ గట్టు మీదికి చేర్చాం. తర్వాత మగవాళ్ళు ఇళ్ళ కప్పుల కట్లు కోసి, కప్పుకి కప్పే లేపుకొచ్చి గట్టు మీద నాలుగు కర్రలు పాతి నిలబెట్టారు. పేటంతా ఆ కప్పుల కిందే కూర్చుంది. వాన కురుస్తోంది, ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఎంత మంచి రెల్లో అది. బాలింత ఒకామె పిల్లకి పాలిస్తూ, ప్రెసిడెంటుగారు చల్లగా ఉండాలి అంది. ఆయన వినలేదు. కప్పు బయట వానలో నిలబడి లంక వైపు చూస్తున్నారు.

మేమూ చూశాం. ఎర్రటి నీళ్ళు లంక తల మీద ఎక్కి, పక్కలకి చీలకుండా సూటిగా లోపలికి పోయాయి. మొదట ముళ్ళకంచె పోయింది. తర్వాత ఒడ్డు విరిగి పడడం మొదలైంది. పడ్డ ముక్క పడ్డట్టు కరిగిపోతోంది. బావగారి దొండపందిరి నిలబడ్డది నిలబడ్డట్టుగానే నీళ్ళలోకి దిగింది. ఏలీయాగారి అరటితోట కాసేపు ఆగి దిగింది. ఆ తర్వాత చెక్కలు ఎవరివో చెప్పుకోవడం మానేశాం. మా అక్క లేచి వెళ్ళి ఆయన నెత్తిమీద గోనెసంచి కప్పింది.

నీళ్ళు తీశాక చూస్తే దిబ్బలంకలో ఎగువ సగం లేదు. ఆఫీసర్లు వచ్చారు. ఇంత పెద్ద వరదని ఏ గడ్డీ ఆపలేదని ఒకరన్నారు. గడ్డి నిలబడి ఉంటే నష్టం తగ్గేదని ఇంకొకరన్నారు. బావగారు వచ్చినవాళ్ళందర్నీ అదే అడిగేవారు, కొయ్యకపోయుంటే ఆగేదాండీ అని. తాసీల్దారుని అడిగారు, డాక్టరుని అడిగారు, చివరికి పోలియో చుక్కలు వెయ్యడానికి వచ్చిన నర్సమ్మని కూడా అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయి, ఆగేది కాదు బావగారూ, చస్తే ఆగేది కాదు, ఇంక ఊరుకోండి అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశారు. నాకు తెలియదని ఆయనకి తెలుసు. ఎవరికీ ఎప్పటికీ తెలిసే వీల్లేని ప్రశ్న అది. అదే ఆయన్ని తినేసింది.

చలికాలం మధ్యలో చేపలవాళ్ళు ఒక కబురు తెచ్చారు. దిగువన నరసాపురం ఒడ్డువైపు ఒక చిన్న లంకని ఆనుకుని కొత్తగా మేట వేసిందని, దాని మీద రెల్లు గుబురుగా లేచిందని. ఎక్కడ లేనిది ఒక్కసారిగా అంత రెల్లు ఎలా వచ్చిందో అని వాళ్ళు ఆశ్చర్యపోయారు. మేము ఆశ్చర్యపోలేదు. బావగారు చాలా నెలల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నారు. ఆ దుబ్బులు తెచ్చి మిగిలిన సగానికి అడ్డంగా నాటితే ఈ సగమైనా దక్కుతుందన్నారు. మా లంక చుట్టూ ఉన్న గడ్డి ఏరు ఎక్కడికక్కడ ఊడ్చుకుపోయింది. ఎక్కడనుంచైనా తెచ్చుకోవలసిందే. మరి మన దుబ్బులే కదా అవి.

పారలు, గోనెసంచులు పడవలో వేసుకుని ఆయన, ఏలీయాగారు బయలుదేరారు. నరసాపురంలో నాకు పని ఉంటే నేనూ ఎక్కాను. ఏలీయాగారు తెడ్డు వేస్తున్నారు. ఆ మీటింగు రోజు నుంచి ఆయన బావగారి ఎదుట ఎక్కువ మాట్లాడరు. బావగారు మాత్రం దారంతా ఎన్ని వరసలు నాటాలో, ఎంత ఎడంగా నాటాలో చెబుతూనే ఉన్నారు.

మేట మీద మా రెల్లు, అన్నేళ్ళు చూసిన కన్ను గనక చెబుతున్నాను, అచ్చం మా రెల్లే, నడుమెత్తు లేచి ఊగుతోంది. దాని వెనక లేత మినుపచేలు. పడవ ఒడ్డుకి తగలగానే ఒక పెద్దాయన చేలోంచి పరుగున వచ్చాడు. పేరు లోవరాజట. వాళ్ళూ మాలాగే కూలి చేసుకుని ఆ చిన్న లంక సాగుచేసుకుంటున్నవాళ్ళు. మా చేతుల్లో పారలు చూసి ఆయన చేతులు జోడించాడు.

"బాబూ, తవ్వొద్దండి. ఏళ్ళ తరబడి మా లంక కోసుకుపోతానే ఉందండి. ఈ గడ్డి లేచేకే మన్ను ఆగింది. గంగానమ్మ తల్లికి ఇచ్చేసేమండి. మావాళ్ళు కూడా ఎవరూ ముట్టుకోరండి."

చూస్తే నిజమే. రెల్లు మొదట్లో ఒక కర్రకి పసుపు గుడ్డ కట్టి ఉంది, కింద కుంకుమ చల్లి ఉంది. ఏలీయాగారు, ఇవి మా లంకలోంచి కొట్టుకొచ్చిన దుబ్బులండీ, మావేనండీ అని చెప్పబోయారు. బావగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపారు. పార పడవలో పడేశారు. రెల్లు దగ్గరికి వెళ్ళి, ఒక దుబ్బు మొదలు పట్టుకుని ఊపి చూశారు. అది కదల్లేదు.

"మీ ఇళ్ళు ఎలాంటివండి?" అని అడిగారు.

రెల్లు పాకలేనండి అన్నాడు లోవరాజు.

"అయితే ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. దేవుడి పేర పెట్టకండి దీన్ని. జనం ఏడిస్తే దేవుడు ఇచ్చేస్తాడండి. ఆయన పేరు చెప్పి ఇచ్చేయించేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. మీలో ఒక మనిషి పేర పెట్టండి."

ఏ మనిషి పేరండీ అని ఆయన అయోమయంగా అడిగాడు.

"ఎవరు ఎంత మాటన్నా పడి, ఇవ్వనని కూర్చునేవాడి పేర. అలాంటోడు మాకు లేకపోయేడండి."

లోవరాజుకి అర్థం కాలేదు. ఏలీయాగారికి అర్థమయింది. ఆయన పడవ అంచు పట్టుకుని ఏటివైపు తిరిగి నిలబడ్డారు, భుజాలు కదులుతున్నాయి. నాకూ ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. బావగారు మాత్రం నెమ్మదిగా లోవరాజుకి చెబుతున్నారు. ఎప్పుడైనా కొయ్యవలసి వస్తే జానెడు మోడు ఉంచాలని, చిగురు లేచే కాలంలో గేదెల్ని దగ్గరికి రానివ్వకూడదని, ముందు మేత చూసుకుని ఆ తర్వాతే కొడవలి పట్టాలని. ఆయన ఆయ్, ఆయ్ అంటూ వింటున్నాడు.

నేను నరసాపురం వెళ్ళలేదు. ముగ్గురం ఖాళీ గోనెసంచులతో తిరిగి వచ్చేశాం. గట్టు మీద మా అక్క ఎదురుచూస్తోంది. పడవలోకి ఒక చూపు చూసి, అన్నం చల్లారిపోతోంది రండి అంది. ఆయన ఇంట్లోకి వెళ్తూ వంగి, చూరు కింద ఆగి, కప్పులోంచి జారిన ఒక రెల్లు పుల్లని వేలితో లోపలికి తోశారు.